వాయిదా వెనుక వాయిదా

వ్యాజ్యమున ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చును అను సామెత వినని పల్లె తెలుగునాట లేదు. ఆ సామెత పుట్టినది పొలముగట్ల తగవులనుండి, అన్నదమ్ముల భాగపు దావాలనుండి. అందు వాది తానై కోర్టు మెట్లెక్కినవాడు గావున ఆలస్యపు పాపములో తన వంతు కొంత మోయక తప్పదు. క్రిమినలు కేసు స్వభావము వేరు. తల పగిలినవాడు ప్రభుత్వము నడపెడి కేసులో ఒక సాక్షిగా మాత్రమే నిలుచును. ముద్దాయి తన ఇచ్ఛతో బోనెక్కినవాడు కాడు. ఆ దారిన పోవుచు చూచిన పాపమునకు సాక్షియైనవానికి ఆ తగవుతో నెట్టి సంబంధమును లేదు. ఈ మువ్వురిలో ఎవ్వడును కోరి రాలేదు, ఎవ్వడును తలచినప్పుడు విడిచి పోలేడు. అట్టి కేసు ఏండ్ల తరబడి సాగినచో ఏడ్చువారెవ్వరో చెప్పుటకు ఆ సామెత చాలదు.

దేశమందలి జిల్లా, తాలూకా న్యాయస్థానములలో తెమలక నిలిచియున్న కేసులు నాలుగు కోట్లకు మించినవి. వానిలో మూడు కోట్లకు పైబడినవి క్రిమినలు కేసులే. 2022వ సంవత్సరపు జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ననుసరించి మన జైళ్లలోని ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకను నేరము రుజువు కాని విచారణ ఖైదీలు. ఇంతటి రాశిని చూచి, లోపమంతయు న్యాయాధిపతుల అలసత్వమునందే కలదని కొందరును, ప్లీడర్ల వాయిదాల యందే కలదని మరికొందరును తేల్చివేయుదురు. కాని ఒక కేసు పుట్టినది మొదలు తీర్పు వఱకు నడచు త్రోవను ఓపికతో వెంబడించి చూచినచో, అది నడచిన కాలము బహు స్వల్పమనియు, ఎవరి కొరకో ఏదో యొక కార్యాలయపు గుమ్మమున నిలిచియున్న కాలమే అత్యధికమనియు బోధపడును.

అనంతపురమునకు వాయవ్య దిక్కున ఏబది కిలోమీటర్ల దూరమునందున్న ఉరవకొండ ప్రాంతమునే యుదాహరణముగా గ్రహింతము. పొలమునకు బండిదారి విషయమై రెండు కుటుంబములు కలియబడి, ఒకని చేయి విరిగినదనుకొందము. స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. నమోదగును. దెబ్బలు తిన్నవాడు ఆసుపత్రికి పోవును. వైద్యుడు గాయముల సర్టిఫికెట్టు వ్రాసి యీయవలెను, ఎముక విరిగినదా లేదా యనుటకు ఎక్స్-రే ఫలితము రావలెను, ఏలయన నేరము ఏ సెక్షను క్రిందికి వచ్చునో ఆ కాగితము వలననే తేలును. ఎస్.ఐ. తగవు జరిగిన తావునకు పోయి మధ్యవర్తుల యెదుట పంచనామా వ్రాయించి, సాక్షుల వాఙ్మూలములు గైకొని, ఛార్జిషీటు దాఖలు చేయును. ఉరవకొండలో జూనియరు సివిలు జడ్జి కోర్టు కలదు. ఆ న్యాయాధికారియే ప్రథమశ్రేణి మెజిస్ట్రేటు కూడను. నేరము సామాన్యమైనచో కేసునకు సి.సి. (క్యాలెండరు కేసు) నంబరు పడి అచటనే విచారణ సాగును. హత్య, హత్యాప్రయత్నము వంటి ఘోరాపరాధమైనచో మొదట పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టరు కేసు) నంబరు పడి, ముద్దాయిలకు నకళ్లిచ్చి, కేసును సెషన్సు కోర్టునకు అప్పగించిన తరువాత గాని ఎస్.సి. (సెషన్సు కేసు) నంబరు రాదు. 1973వ సంవత్సరపు నేర విచారణ స్మృతికి పూర్వము ఈ యప్పగింత వేళనే మెజిస్ట్రేటు సాక్షులను పిలిచి ప్రాథమిక విచారణ జరుపవలసి యుండెడిది. కాలహరణమని దానిని తొలగించిరి. అయినను ఆ యొక్క మెట్టు దాటుటకు నేటికిని నెలలు పట్టుచున్న కేసులనేకములు.

ముద్దాయి జైలులో నున్నచో, నేరపు తీవ్రతను బట్టి 60 లేక 90 దినములలోపల ఛార్జిషీటు పడవలెను. పడనిచో వానికి జామీను పొందు హక్కు కలుగును. ఇది వ్యక్తి స్వేచ్ఛకు పెట్టిన కోట. దాని విలువ తక్కువది కాదు. కాని ఈ గడువు వలన ఆచరణలో రెండు విపరీతములు పుట్టినవి. గడువు మీరకుండుటకై పోలీసులు రసాయన పరీక్షా ఫలితము రాకమునుపే ఛార్జిషీటు వేసి, రిపోర్టు తరువాత సమర్పింతుమని వ్రాయుదురు. ఆ రిపోర్టు వచ్చువఱకు విచారణ సాగదు. ముద్దాయి ముందే జామీనుపై వెలికి వచ్చినచో ఆ త్వర యంతయు చల్లారి, ఛార్జిషీటే సంవత్సరము వఱకు పడకుండుటయు కలదు.

పిమ్మట ముద్దాయిలందఱును ఒక్క దినమున కోర్టులో నిలువవలెను. అభియోగములు చదివి వినిపించుట వారి సమక్షమున జరుగవలసిన కార్యము. పల్లెటూరి తగవులలో, అందును ముఠాకక్షలు గల సీమలో, ఒక కేసునందు ఇరువదిమంది ముద్దాయిలుండుట వింత గాదు. ఒకడు జబ్బుపడినాడని హాజరు మినహాయింపు పిటిషను పడును; తరువాతి వాయిదాకు మఱియొకడు రాడు; వానిపై నాన్‌బెయిలబుల్ వారంటు వెడలును; వారంటు అమలు కాక తిరిగి వచ్చును; కడకు వానిని విడదీసి మిగిలినవారిపై కేసు నడపుదురు, వాడు దొరకినప్పుడు వాని కొరకు అదే కథ మరల మొదలగును. ఉరవకొండ నేతగాండ్రకు ఈ సంగతి విడమరచి చెప్ప నక్కరలేదు: పడుగులో నొక్క పోగు తెగినను మగ్గము నిలిచిపోవలసినదే.

ఈ జిల్లా చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన హత్యకేసు నొకదానిని స్మరింతము. పెనుకొండ శాసనసభ్యుడైన పరిటాల రవీంద్ర 2005 జనవరి 24న అనంతపురమున తన పార్టీ కార్యాలయములోనే హతుడయ్యెను. రాష్ట్రమంతట అలజడి పుట్టించిన ఘటన. దర్యాప్తును కేంద్ర సంస్థయైన సి.బి.ఐ. చేపట్టెను; దాని యెడల ఎవ్వరును ఉదాసీనులై యుండలేదు. అట్టి కేసులో సైతము సెషన్సు కోర్టు తీర్పు వెలువడినది 2011లో. ఈలోపల ప్రధాన ముద్దాయిలలో ఒకడు 2008లో అనంతపురము జైలులోనే చంపబడెను. మఱియొకడు 2011 ఆరంభమున హైదరాబాదులో హతుడయ్యెను. వారి యపరాధమును గాని నిరపరాధమును గాని నిర్ణయించు నవకాశము న్యాయస్థానమునకు లేకపోయెను. ముఠాకక్షల సీమలో విచారణ సాగినకొలది ప్రతీకారమునకు వ్యవధి దొరకును. తీర్పునకై వేచియుండలేని వారు తమ తీర్పు తామే చెప్పుకొందురు. దానినుండి ఇంకొక కేసు పుట్టును. ఆలస్యము కేసులను నిలువ చేయుటయే గాక క్రొత్త కేసులను కనుచున్నది కూడ.

ఇక సాక్షి మాటకు వత్తము. నా యభిప్రాయమున ఈ విషయమున కంతటికిని ఆయువుపట్టు ఇదియే.

అనంతపురము జిల్లాలో సాలుకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు; అదియైనను వేళకు కురియుననెడి నమ్మకము లేదు. జీడిపల్లి జలాశయమునకు హంద్రీ-నీవా నీరు చేరిన తరువాత కొన్ని యూళ్లకు ఊపిరి వచ్చినను, వేరుసెనగనే నమ్ముకొన్న మెట్టరైతునకు వాన తప్పిన సంవత్సరము ఇల్లు విడువక గత్యంతరము లేదు. భార్యాభర్తలు ముసలివారి యింట పిల్లలను విడిచి, తమ యింటికి తాళము వైచి, బెంగుళూరు కట్టడపు పనులకో కేరళకో తరలిపోవుదురు. సమను పట్టుకొని కానిస్టేబులు వాకిట నిలిచినప్పుడు సమాధానము చెప్పువారుండరు. ఆతడు సాక్షి యూర లేడని వ్రాసి కాగితమును త్రిప్పి పంపును. కోర్టులో కేసు పిలువబడును, సాక్షి గైరుహాజరు, వాయిదా. మూడునెలల పిమ్మట మరల సమను. అప్పటికిని వాన కురిసియుండదు. చట్టము సాక్షి యొకచోట స్థిరముగ నుండునని తలచి వ్రాయబడినది. కరవు వానిని ఒకచోట నుండనీయదు. ఆతడు తప్పించుకొని తిరుగుచున్నాడని రికార్డున నెక్కుచుండును గాని, పొట్టకూటికై పోయినాడని ఎక్కుట కందు గడియే లేదు.

అట్టివాడు కబురంది బెంగుళూరునుండి రాత్రి బస్సెక్కి, రెండు దినముల కూలి పోగొట్టుకొని వచ్చినాడనుకొందము. ఉదయము పదిన్నరకు ముందే కోర్టు వరండాలో నిలుచును. దఫేదారు కేసు పిలుచును. డిఫెన్సు ప్లీడరు మఱియొక కోర్టులో నున్నాడని జూనియరు మనవి చేయును. లేక ప్రాసిక్యూటరు వేఱొక కోర్టు బాధ్యత కూడ మోయుచున్నాడు గావున నేడు రాలేడు. లేక మధ్యాహ్నము వఱకు వేఱు కేసు సాక్ష్యము సాగి వేళ మించిపోవును. సాక్షిని మూడునెలల తరువాత రావలసినదిగా చెప్పి పంపుదురు. చేతికి వచ్చు బత్తా, వచ్చినచో, పోయిన కూలికి సరితూగదు. ఇట్లు రెండుమార్లు తిరిగినవాడు మూడవమారు మనస్ఫూర్తిగా వచ్చునా? హాజరైన సాక్షిని విచారింపకుండ పంపరాదనియు, తప్పనిసరియైన విశేష కారణము వ్రాసిననే గాని వాయిదా వేయరాదనియు చట్టమే యాదేశించినది. 2001లో ఉత్తరప్రదేశపు కేసు నొకదానిని విచారించుచు సుప్రీంకోర్టు ఈ విషయమును తీవ్రపదములతో జ్ఞాపకము చేసినది. సాక్షి చీఫు విచారణ యొకనాడును, క్రాసు విచారణ నెలల తరువాతను జరుగు పద్ధతిని 2015లో మరల గర్హించినది.

ఈ నెలల యెడములో పల్లెలో జరుగునది కోర్టు కంటికి కానరాదు. ముద్దాయియు సాక్షియు ఒకే వీథివారు. ఒకే బోరు నీళ్లు త్రాగువారు. పెండ్లిళ్లలో, జాతరలో, పెన్నహోబిలము తిరునాళ్లలో ఒకరి మొగము ఒకరు చూడక తప్పదు. బంధువులు వచ్చి రాజీ మాటలాడుదురు, అప్పు గుర్తుచేయుదురు, ఒక్కొక్కప్పుడు బెదరింతురు. మొదట కన్నది కన్నట్లు చెప్పదలచినవాడు కొన్నేండ్లకు "నాకేమియు తెలియదు, పోలీసులు నన్ను విచారింపలేదు" అని బోనులో చెప్పి యెదురు తిరుగును. వానిని తూలనాడుట సులభము. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి దేశమంతట అమలు పరుపుడని చెప్పినను, పల్లెటూరి సాక్షికి అట్టి రక్షణ గలదను సంగతియే చెప్పువారు అరుదు. వానిని కాపాడగలిగిన నిజమైన రక్షణ, దెబ్బ పచ్చిగ నున్నప్పుడే వాని మాట వినుట.

ఉద్యోగులైన సాక్షుల చరిత్ర వేఱు. గాయములు చూచిన వైద్యుడు బదిలీయై పోవును, దర్యాప్తు చేసిన ఎస్.ఐ. మూడు స్టేషన్లు మాఱును, ఎన్నికల బందోబస్తో ఉత్సవపు బందోబస్తో సమనునకు అడ్డువచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఇట్టివారి స్థానమునందున్న అధికారి వచ్చి ఆ పత్రములను గూర్చి సాక్ష్యము చెప్పవచ్చునని యనుమతించినది. దృశ్యశ్రవణ సాధనముల ద్వారా సాక్ష్యము గైకొనుటకును వీలు కల్పించినది. ఈ రెండవ సదుపాయము వైద్యులకు, అధికారులకు పరిమితమై పోక, బెంగుళూరు కట్టడముల నడుమ నున్న వలసకూలీకి అచటి న్యాయస్థానపు గదిలోనే కూర్చుండి సాక్ష్యము చెప్పు నవకాశముగా పరిణమించినచో ఈ జిల్లా కేసులు కొన్నియేండ్లు కుదించుకొని పోవును.

కాలము సాక్ష్యమును ఎట్లు తినివేయునో తెలుపుటకు కోస్తా జిల్లాల రెండు కేసులు చాలును. నాటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు వధింపబడిరి. బాధితులు పట్టుబట్టగా, నేరము జరిగిన ఆ యూరిలోనే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పిరి. సాక్షులు కోర్టునకు పోవుటకు మాఱుగా కోర్టే సాక్షుల యొద్దకు వచ్చిన అపూర్వ సంఘటన మది. అయినను తీర్పు వచ్చుసరికి 2007 జూలై 31. ఇరువది యొకరికి యావజ్జీవము, ముప్పదియైదుగురికి ఒక్కొక్క సంవత్సరము శిక్ష పడెను. మరల ఏడేండ్లకు, 2014 ఏప్రిల్ 22న, సాక్ష్యము నిలువలేదని హైకోర్టు అందఱిని విడుదల చేసెను. నాటి ప్రకాశము జిల్లా కారంచేడులో 1985 జూలై 17న జరిగిన దళితుల హత్యాకాండకు సుప్రీంకోర్టులో తుదితీర్పు వెలువడినది 2008 డిసెంబరులో, ఇరువదిమూడేండ్లకు. ఇట్టి కాలవ్యవధిలో భర్తను గోల్పోయిన స్త్రీ ముదుసలి యగును, నాటి పసిబిడ్డ తానొక బిడ్డకు తండ్రి యగును. నాటి యుదయము ఎవడు ఏ చేత ఏ యాయుధము పట్టెనో పదునాఱేండ్ల తరువాత తడబడక చెప్పుమని యడిగి, తడబడినచో అబద్ధమనుట, మానవుని జ్ఞాపకశక్తి యెడల మనము చేయు అన్యాయము. సాక్షి తడబాటుననుసరించి సంశయము ముద్దాయికి కలిసివచ్చుట న్యాయసూత్రము. ఆ సూత్రమును నేను మన్నింతును. ఆ తడబాటును కల్పించినది మాత్రము రాజ్యమే గదా!

ఐనను త్వరయే న్యాయమని భ్రమపడరాదు. ఉరవకొండకు సమీపముననే గుంతకల్లులో 1893 అక్టోబరులో రైల్వే గేటు కాపరి హంపన్న, ఇంగ్లీషు సోల్జర్లు తరుముకొని వచ్చిన ఇద్దరు స్త్రీలకు ఆశ్రయమిచ్చి, వారి తుపాకి దెబ్బకు ప్రాణము లర్పించెను. గుత్తి ప్లీడరు కేశవపిళ్లె పూనిక వలన ఈ ఘోరము పత్రికల కెక్కెను. తెల్లవాడైన ముద్దాయిని విచారించు నధికారము మదరాసు హైకోర్టుకే యుండెను. సంవత్సరము తిరుగకమునుపే విచారణ ముగిసెను, ముద్దాయి నిర్దోషియని విడుదల చేయబడెను. ఆ విచారణకు వాయిదాల దోషము లేదు. దాని దోషము వేఱు. మన కాలమునకు వత్తము. 2007లో విజయవాడ సమీపమున జరిగిన విద్యార్థిని హత్యకేసులో పట్టుబడిన యువకునికి 2010లోనే యావజ్జీవ శిక్ష పడెను. 2017 మార్చి 31న హైకోర్టు వానిని నిర్దోషియని విడుదల చేసి, పరిహారమీయుమని యాజ్ఞాపించునప్పటికి ఎనిమిదేండ్లకు పైగా జైలులో గడచినవి. అందులో అధికభాగము క్రింది కోర్టు త్వరగా ముగించిన కేసును సరిదిద్దుటకు పైకోర్టునకు పట్టిన కాలమే. నకళ్లు ముద్దాయి కిచ్చుట, ప్రతి సాక్షిని క్రాసు చేయ నవకాశ మిచ్చుట, తుదకు వాని సంజాయిషీ వినుట ఇవన్నియు దినములు కోరును. ఆ దినములను కోయరాదు. ఈ యవసరమైన దినములన్నియు కూడినను, సామాన్యమైన కేసు కొన్ని వారములకు మించదు. తక్కిన యేండ్లు ఎవ్వరికిని రక్షణ నీయని శూన్యకాలము.

ఈ శూన్యమునకు కారణములలో న్యాయాధిపతుల కొరత ప్రసిద్ధమైనదే. పదిలక్షల జనమునకు పదిన్నరమంది న్యాయాధిపతులున్నారనియు, ఏబదిమంది కావలెననియు లా కమిషను 1987లోనే చెప్పెను. 2002లో సుప్రీంకోర్టు అయిదేండ్లలో ఆ సంఖ్యకు చేరవలెనని యాదేశించెను. నేటికి ఇరువది యొకటి దాటుట కష్టముగ నున్నది. చిన్న పట్టణపు న్యాయాధికారి ఉదయము జామీనులు, వారంట్లు, చెక్కు కేసులు, మనోవర్తి కేసులు పిలిచి, మధ్యాహ్నము సివిలు దావాల సాక్ష్యము వ్రాసికొని, మిగిలిన వేళలో హత్యాయత్నపు కేసుకు నకళ్లీయవలెను. ప్రాసిక్యూటర్ల పదవులు, ప్రయోగశాలల సిబ్బంది, సమన్లందించు పోలీసులు ఈ వరుసలో ఎవరు తక్కువైనను న్యాయమూర్తి వేచియుండ వలసినదే.

చట్టము చేతులు ముడుచుకొని కూర్చున్నదనుటకు వీలులేదు. 1979లో బీహారు జైళ్లలోని విచారణ ఖైదీల దుస్థితిని విన్న సుప్రీంకోర్టు, సత్వర విచారణ రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో నంతర్భాగమని హుస్సేనారా ఖాతూన్ కేసులో చాటెను. శిక్ష పడినచో ననుభవింపవలసిన కాలముకన్న ఎక్కువకాలము విచారణకై చెఱలో నున్నవారు ఆనాడు వెలికి వచ్చిరి. అటుపిమ్మట గడువులు పెట్టి, గడువు దాటిన కేసులను కొట్టివేయుడను తీర్పులును వచ్చినవి. 2002లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అట్టి గడువులు విధించుట న్యాయస్థానముల పని కాదని త్రోసిపుచ్చెను. ఇప్పటి క్రొత్త సంహిత మరల గడువులనే నమ్మినది: మొదటి విచారణ నాటినుండి 60 దినములలో అభియోగములు, వాదనలు ముగిసిన 30 దినములలో తీర్పు, ఒక పక్షమునకు రెండు వాయిదాలకు మించరాదు. ఉద్దేశము శ్లాఘ్యము. కాని మనుష్యుల నీయక గడువుల నిచ్చిన చట్టము పూర్వమును మనకు కలదు. దినదినము విచారణ సాగవలెనన్న నియమము పాత స్మృతిలోను నుండెను. దాని నమలు జరుపవలసిన గుమాస్తా, ప్రాసిక్యూటరు, న్యాయాధికారి ఆ కుర్చీలలో లేకపోయిరి.

కావున ప్రభుత్వమును కోరదగినది క్రొత్త గడువు కాదు. ఖాళీ పదవులు నింపుడు. సాక్షి బత్తాను ఆతని రెండు దినముల కూలికి సమానము చేసి ఆనాడే చేతికీయుడు. వచ్చిన సాక్షిని ఆనాడే ముగించి పంపుడు. జిల్లా న్యాయాధికారులు కరవు మండలముల సాక్షుల వాయిదాలు వేయునప్పుడు వలసలు వెళ్లు నెలలను ఎరిగి వేసినచో, దానికి శాసనసభ యనుమతియు అక్కరలేదు.

చదువరులలో ఇట్టి కేసులో చిక్కుకొన్నవారుండవచ్చును. వారికి తెలియవలసిన విషయ మొకటి కలదు. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ననుసరించి స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, చెఱలోనున్నవారికి ఉచితముగా ప్లీడరును ఏర్పరుపవలెను. అదే సెక్షను కరవువాత పడినవారిని కూడ పేర్కొన్నది. అనంతపురము కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితముపై వ్రాసికొన్నచాలును.